డయాలసిస్‌లో ఉన్నవారికి హెపటైటిస్ సి: తరచుగా అడిగే ప్రశ్నలు

"సి పాజిటివ్ వచ్చింది, రేపటి నుంచి మీకు వేరే మిషను" అని డయాలసిస్ కేంద్రంలో ఒక్క మాట చెబుతారు. ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. రోగులు, వాళ్ళ వెంట వచ్చే ఇంటివాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. మందుల మోతాదుల కోసం మాత్రం ఈ పేజీలో వెతకవద్దు. అవి మీ రిపోర్టులు ముందు పెట్టుకుని మీ డాక్టరు రాయవలసినవి.

హెపటైటిస్ సి అంటే పచ్చకామెర్లేనా?

కాదు. పచ్చకామెర్లు ఒక లక్షణం మాత్రమే. కాలేయానికి ఏ కారణంగా దెబ్బ తగిలినా, పిత్తనాళంలో రాయి అడ్డుపడినా కళ్ళు పచ్చబడతాయి. హెపటైటిస్ సి ఒక వైరస్ వల్ల వచ్చే జబ్బు. అది కాలేయంలో చేరి, చాలామందిలో ఏ లక్షణమూ చూపకుండా ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. 1989లో ఈ వైరస్‌ను గుర్తించారు. అందుకు బాటలు వేసిన హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో వైద్యరంగ నోబెల్ బహుమతి వచ్చింది.

వైరస్ సోకిన వందమందిలో 15 నుంచి 45 మందికి ఆరు నెలల్లోపు దానంతట అదే పోతుంది. మిగిలినవారిలో తిష్ఠ వేస్తుంది. అలా తిష్ఠ వేసినవారిలో 15 నుంచి 30 శాతం మందికి 20 ఏళ్ళలో కాలేయం గట్టిపడిపోయే సిర్రోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. ఆ తర్వాతి మెట్టు కాలేయ క్యాన్సర్.

డయాలసిస్ చేయించుకునేవారికే ఇది ఎందుకు ఎక్కువగా వస్తుంది?

ఇది రక్తం ద్వారా వ్యాపించే వైరస్. డయాలసిస్ అంటేనే రక్తంతో పని. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, ప్రతిసారీ ఫిస్టులాలోకి (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో సిద్ధం చేసిన రక్తనాళం) రెండు లావు సూదులు. నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తం బయటికొచ్చి, ఫిల్టర్ గుండా వెళ్ళి, మళ్ళీ ఒంట్లోకి చేరుతుంది. నాలుగు గంటల్లో ఇది 60 నుంచి 72 లీటర్లు. ఒకే హాల్లో పదిమంది పక్కపక్కనే ఇలా పడుకుని ఉంటారు, అటూ ఇటూ తిరిగే సిబ్బంది మాత్రం ఇద్దరో ముగ్గురో.

పదికి పైగా దేశాల డయాలసిస్ రోగులను ఏళ్ళుగా గమనిస్తున్న డాప్స్ అనే అధ్యయనంలో, 2012-2015 మధ్య దాదాపు పదిశాతం మందికి హెపటైటిస్ సి ఉన్నట్టు తేలింది. సాధారణ జనాభాతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. సంపన్న దేశాలూ ఇందుకు మినహాయింపు కాదు. 2014, 2015 సంవత్సరాల్లో ఎనిమిది రాష్ట్రాల్లోని 19 డయాలసిస్ క్లినిక్‌లలో 36 మందికి కొత్తగా హెపటైటిస్ సి కనిపించిందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2016 జనవరిలో హెచ్చరిక జారీ చేసింది.

ఒకప్పుడు రక్తమార్పిడి పెద్ద కారణంగా ఉండేది. మన దేశంలో దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్షను 2001లో తప్పనిసరి చేశారు. రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు వచ్చాక కిడ్నీ రోగులకు రక్తం ఎక్కించే అవసరమూ తగ్గింది. ఇక మిగిలింది డయాలసిస్ హాలు.

అయితే మిషను ద్వారా అంటుకుంటుందా?

అందరూ అనుకునేది ఇదే, కానీ అసలు దారి అది కాదు. మీ రక్తం మిషను లోపలి భాగాల్లోకి వెళ్ళదు. ట్యూబులోనూ ఫిల్టర్‌లోనూ తిరుగుతుంది. ఫిల్టర్ పొరకు ఒక పక్క రక్తం, రెండో పక్క డయాలసిస్ ద్రవం ఉంటాయి. ఆ పొర రంధ్రాలు వైరస్ దూరలేనంత చిన్నవి. ట్యూబుకూ మిషను ప్రెషర్ మీటరుకూ మధ్య ప్రొటెక్టర్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. రక్తం ఎగదన్ని అది తడిస్తే వెంటనే మార్చాలి, లోపలికి ఏమైనా వెళ్ళిందేమో చూడాలి. మిషను వైపు నుంచి జాగ్రత్త పడవలసిన చోటు అది.

అసలు దారి చేతులు. ఒక షిఫ్టు ముగిసి రెండో షిఫ్టు మొదలయ్యే అరగంటను గమనించండి. మొదటి రోగి సూదులు తీస్తారు. గాజుగుడ్డ ఒత్తి పట్టుకోమని పక్కనున్న భార్యకో కొడుక్కో చెబుతారు. వాళ్ళు ఉత్తచేతులతో పట్టుకుంటారు. రెండు చుక్కలు కుర్చీ చేతిమీద పడతాయి. అంతలో పక్క మిషను అలారం మోగుతుంది. టెక్నీషియన్ అవే గ్లవ్స్‌తో వెళ్ళి బటన్ నొక్కి వస్తాడు. బయట రెండో షిఫ్టువాళ్ళు తలుపు దగ్గర నిలబడి త్వరగా కానివ్వమంటుంటారు. కుర్చీని పైపైన తుడిచి, కొత్త దుప్పటి పరిచి, లోపలికి పిలుస్తారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. కానీ ఎండిపోయి కంటికి కనిపించని రక్తంలో ఈ వైరస్ రోజుల తరబడి, అనుకూలిస్తే వారాల తరబడి బతికి ఉండగలదు.

రెండో దారి మందుల సీసాలు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ సీసా ఒక్కటే, అందులోంచి చాలామందికి తీస్తారు. వాడిన సిరంజిని ఒక్కసారి మళ్ళీ అందులో గుచ్చితే చాలు, ఆ సీసాలోంచి తర్వాత మందు పొందే ప్రతి ఒక్కరికీ ముప్పే. మందుల ట్రేను ఒక మంచం నుంచి ఇంకో మంచానికి తిప్పడమూ అంతే ప్రమాదం.

మరి వేరే మిషను ఎందుకు పెడుతున్నారు?

మన దగ్గర చాలా కేంద్రాల్లో ఇది ఆనవాయితీ. హెపటైటిస్ బి ఉన్నవారికైతే వేరే గది, వేరే మిషను, వేరే సిబ్బంది ఉండాలన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. బి వైరస్ రక్తంలో చాలా ఎక్కువ సంఖ్యలో ఉంటుంది, చాలా తేలిగ్గా అంటుకుంటుంది. సి సంగతి వేరు. కిడ్నీ వైద్యానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే కేడిగో సంస్థ, హెపటైటిస్ సి రోగులకు ప్రత్యేక మిషన్లు వద్దనే చెబుతోంది. సీడీసీ సలహా కూడా అదే. ఇద్దరూ నొక్కి చెప్పేది చేతుల శుభ్రత, గ్లవ్స్, మందుల తయారీ, పడకల శుభ్రత గురించి.

వేరే మిషను పెట్టడం తప్పని నేను అనను. కిక్కిరిసిన హాల్లో, సిబ్బంది చాలని చోట అది కొంత మేలు చేయవచ్చు. నా అభ్యంతరం వేరు. "పాజిటివ్ వాళ్ళను అటు పంపాం, ఇటు అందరూ శుభ్రమే" అన్న ధీమా వచ్చేస్తుంది. వైరస్ సోకిన తొలి వారాల్లో యాంటీబాడీ పరీక్షలో ఏమీ కనిపించదు. ఆ రోజుల్లో ఆ రోగి "నెగటివ్" మిషను మీదే ఉంటాడు. అతని రక్తం తగిలిన చేత్తో పక్కవాళ్ళ సూది ముట్టుకుంటే గోడకు రాసిన "నెగటివ్" అన్న బోర్డు ఎవరినీ కాపాడదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాజిటివ్ మిషను ఒకటో రెండో ఉంటాయి, ఆ రోగులకు మిగిలేది రాత్రి షిఫ్టు. చివరి బస్సు వెళ్ళిపోయాక పల్లెకు చేరేదెలా? కొన్ని కేంద్రాలైతే "మా దగ్గర పాజిటివ్ మిషను లేదు" అని వేరే ఊరికి పంపేస్తాయి. వైద్యపరంగా ఇందుకు గట్టి ఆధారం లేదని నిలదీయడానికి మీకు హక్కు ఉంది.

ఫిల్టర్‌ను మళ్ళీ మళ్ళీ వాడడం వల్ల వస్తుందా?

మీ ఫిల్టర్ మీకే వాడితే, కడిగే పద్ధతి సరిగ్గా ఉంటే, దానివల్ల రాదు. ప్రమాదం ఎక్కడంటే ఫిల్టర్లు మారిపోవడంలో, కడిగే గదిలో ఒకరివి ఒకరివాటికి తగలడంలో. ఫిల్టర్ మీద మీ పేరు, ఎన్నోసారి వాడుతున్నదీ రాసి ఉండాలి. మిషనుకు తగిలించే ముందు ఆ పేరు మీరే చదువుకోండి. పెద్దవాళ్ళకు చదవడం రాకపోతే వెంట వచ్చినవాళ్ళు చదవాలి. ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఇద్దరు ఒకే షిఫ్టులో ఉండడం మన ఊళ్ళలో వింతేమీ కాదు కాబట్టి వయసో, నంబరో కూడా ఉండాలి. కడిగాక ఫిల్టర్‌లో పట్టే ద్రవం కొత్తదానితో పోలిస్తే 80 శాతానికి తగ్గితే దాన్ని పారేయాలి.

తెలంగాణ ప్రభుత్వ డయాలసిస్ కేంద్రాల్లో ఒకసారి వాడి పారేసే ఫిల్టర్లను ప్రవేశపెట్టారు. ఆ పద్ధతిలో ఈ బెడద చాలావరకు ఉండదు. చేతుల బెడద మాత్రం అక్కడా ఉంటుంది.

రిపోర్టులో "యాంటీ హెచ్‌సీవీ రియాక్టివ్" అని ఉంది. జబ్బు ఉన్నట్టేనా?

అప్పుడే కాదు. హెచ్‌సీవీ అంటే హెపటైటిస్ సి వైరస్, రియాక్టివ్ అంటే దానికి యాంటీబాడీ కనిపించిందని. యాంటీబాడీ అంటే వైరస్ ఎప్పుడో ఒకప్పుడు మీ ఒంట్లోకి వచ్చిందనడానికి గుర్తు. అది ఇప్పుడూ ఉందో, పోయిందో ఈ పరీక్ష చెప్పదు. అది తేల్చేది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, మామూలుగా "వైరల్ లోడ్" అంటారు. అందులో వైరస్ కనిపిస్తేనే చికిత్స. కనిపించకపోతే మీకు ప్రస్తుతం జబ్బు లేదు. యాంటీబాడీ ఒక్కటే చూసి మిషను మార్చేస్తే, ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అయ్యిందా అని అడగండి.

యాంటీబాడీ నెగటివ్ వచ్చింది. ఇక నిశ్చింతేనా?

డయాలసిస్ రోగుల్లో పూర్తిగా కాదు. రెండు కారణాలున్నాయి. ఒకటి, వైరస్ సోకాక యాంటీబాడీలు కనిపించడానికి సాధారణంగా 8 నుంచి 11 వారాలు పడుతుంది. ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఒకటి రెండు వారాల్లోనే కనిపిస్తుంది. రెండు, కిడ్నీలు పనిచేయనివారిలో రోగనిరోధక శక్తి మందగించి, కొందరిలో యాంటీబాడీలు తయారవడమే ఆలస్యమవుతుంది.

ఎన్నాళ్ళకోసారి పరీక్ష చేయించుకోవాలి?

డయాలసిస్ మొదలుపెట్టే ముందు ఒకసారి. కేంద్రం మారినప్పుడల్లా ఒకసారి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి. మధ్యలో నెలనెలా చేసే రక్తపరీక్షల్లో ఏఎల్‌టీ అనే కాలేయ పరీక్ష (ఎస్‌జీపీటీ అని రాసి ఉంటుంది) కూడా ఉండాలి. అది కారణం లేకుండా పెరిగితే ఆరు నెలలు ఆగకుండా ఆర్‌ఎన్‌ఏ చేయించాలి.

ఏఎల్‌టీ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి: డయాలసిస్‌లో ఉన్నవారిలో అది మామూలుగానే తక్కువగా ఉంటుంది. అందువల్ల ల్యాబ్ కాగితం మీద "నార్మల్" పరిధిలో ఉన్నా మీ విషయంలో అది పెరిగినట్టే కావచ్చు. పోయిన నెల 14, ఈ నెల 36 అంటే రెండూ నార్మలే, కానీ డాక్టరుకు చూపించవలసిన తేడా. పాత రిపోర్టులను ఒక ఫైలులో వరుసగా పెట్టుకొమ్మని చెప్పేది ఇందుకే.

లక్షణాలు ఎలా ఉంటాయి?

చాలామందికి ఏవీ ఉండవు. నీరసం, ఆకలి మందగించడం, ఒళ్ళు దురద లాంటివి ఉన్నా డయాలసిస్ రోగులకు అవి మామూలే కదా అని ఎవరూ పట్టించుకోరు. పరీక్ష తప్ప దారి లేదు.

కిడ్నీ జబ్బు వల్ల హెపటైటిస్ సి వస్తుందా, హెపటైటిస్ సి వల్ల కిడ్నీ జబ్బు వస్తుందా?

రెండూ జరుగుతాయి. డయాలసిస్ కేంద్రంలో సోకడం ఒకటి. ఈ వైరస్ వల్ల రక్తంలో క్రయోగ్లోబులిన్లు అనే ప్రొటీన్లు ఏర్పడి, కిడ్నీ వడపోత గుచ్ఛాలను దెబ్బతీయడం రెండోది. అందుకే మూత్రంలో ప్రొటీన్ పోతున్న ప్రతి కొత్త కిడ్నీ రోగికీ ఈ పరీక్ష చేయిస్తారు.

దీనికి మందు ఉందా? నయమవుతుందా?

అవుతుంది. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకోవాలంటే దీన్నే గుర్తుంచుకోండి, ఎందుకంటే పదేళ్ళనాటి భయాలు ఇంకా మన ఇళ్ళలో తిరుగుతున్నాయి. అప్పట్లో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు దాదాపు ఏడాది పాటు వేసేవారు. జ్వరం, ఒళ్ళునొప్పులు, దిగులు, రక్తకణాలు పడిపోవడం. దానికి తోడు ఇచ్చే రైబావిరిన్ మాత్రలు కిడ్నీలు పనిచేయనివారి ఒంట్లో పేరుకుపోయి, అసలే తక్కువగా ఉన్న హిమోగ్లోబిన్‌ను ఇంకా కిందికి లాగేవి. అంత బాధపడ్డా సగం మందికి నయమయ్యేది కాదు. డయాలసిస్ రోగులకు చాలామంది డాక్టర్లు చికిత్సే వద్దనేవారు.

2013 చివర్లో అమెరికాలో సోఫోస్బువిర్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాల కోర్సు 84 వేల డాలర్లు. 2014లో దాన్ని అమ్ముతున్న గిలియడ్ కంపెనీ భారతీయ జనరిక్ కంపెనీలకు లైసెన్సులు ఇచ్చింది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన హెటెరో ఉంది, కొద్ది నెలల్లో నాట్కో కూడా చేరింది. 2015లో ఈ మాత్రలు మన మందుల షాపుల్లోకి, అమెరికా ధరలో అతి చిన్న వంతుకే వచ్చాయి. ప్రపంచాన్ని హడలెత్తించిన ధర హైదరాబాద్ ఫ్యాక్టరీల్లో దిగొచ్చిందని మనం కొంచెం గర్వపడవచ్చు.

డయాలసిస్ రోగులు మాత్రం ఇంకొన్నాళ్ళు ఆగవలసి వచ్చింది. సోఫోస్బువిర్ ఒంట్లో విడగొట్టుకున్నాక మిగిలే పదార్థం కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు లేనివారిలో అది పేరుకుపోతే ఏమవుతుందోనన్న సందేహంతో మొదట వద్దన్నారు. తర్వాత అధ్యయనాలు ఒకటొకటిగా ఆ భయాన్ని తీర్చాయి. సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిపిన మాత్రను డయాలసిస్‌లో ఉన్న 59 మందికి ఇస్తే 56 మందికి నయమైంది. కిడ్నీల మీద అంతగా ఆధారపడని గ్లెకాప్రెవిర్, పిబ్రెంటాస్విర్ మందుల జంటను తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్న 104 మందికి ఇస్తే 102 మందికి నయమైంది. వీరిలో ఎక్కువమంది డయాలసిస్ మీద ఉన్నవారే. 2019 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, సోఫోస్బువిర్ కలిసిన మాత్రలను మోతాదు మార్చకుండానే డయాలసిస్ రోగులకు ఇవ్వవచ్చని చెప్పింది. 2022లో కేడిగో కూడా తన సలహాలను ఆ మేరకు సవరించింది.

అయినా "కిడ్నీ పేషెంట్లకు ఈ మందు పడదు" అని ఇప్పటికీ ఎవరైనా చెబితే, అది పాత పాఠం. నెఫ్రాలజిస్టును, గ్యాస్ట్రో డాక్టరును ఒకసారి మాట్లాడుకోమని అడగండి.

మందులు ఎన్నాళ్ళు వాడాలి? ఖర్చెంత?

సాధారణంగా 12 వారాలు, రోజూ ఒకే వేళకు. కాలేయం బాగా దెబ్బతిని ఉంటే కోర్సు మారుతుంది, కొందరికి 24 వారాలు.

ఖర్చు విషయంలో ప్రభుత్వం నుంచి వచ్చిన మేలు ఒకటి ఉంది. 2018 జులై 28న, ప్రపంచ హెపటైటిస్ దినం రోజున, జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. దీని కింద గుర్తించిన చికిత్స కేంద్రాల్లో వైరల్ లోడ్ పరీక్ష, మందులు ఉచితం. మీ జిల్లా ఆసుపత్రిలోనో, దగ్గరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో అడిగితే కేంద్రం ఎక్కడుందో చెబుతారు. డయాలసిస్‌లో ఉన్నారు కాబట్టి చిన్న కేంద్రంవాళ్ళు పెద్ద కేంద్రానికి రాసి పంపవచ్చు. విసుక్కోకండి, పద్ధతి అదే. ఆరోగ్యశ్రీ మీద (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) డయాలసిస్ చేయించుకుంటున్న చాలామందికి, హెపటైటిస్ మందులు ఇంకో పథకం కింద వస్తాయని తెలియదు. బయట అప్పు చేసి కొనేస్తారు.

మందు మొదలుపెట్టేముందు డాక్టరుకు ఏమేం చెప్పాలి?

మీరు వాడే ప్రతి మందూ. పేర్లు గుర్తులేకపోతే స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. ముఖ్యంగా గుండె లయ కోసం వాడే అమియోడరోన్: సోఫోస్బువిర్‌తో కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ ఈ వైరస్ మందు పనిచేయకుండా చేస్తాయి. వెల్పటాస్విర్ ఉన్న మాత్ర వాడుతుంటే గ్యాస్ మాత్రల సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర అడగకుండానే ఒకటి వేసుకునే అలవాటు ఉంది కదా, ఆ మాత్రలు ఈ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి. కొలెస్టరాల్ మాత్రల్లో కొన్నింటి మోతాదు మార్చవలసి రావచ్చు.

హెపటైటిస్ బి పరీక్ష కూడా ముందే కావాలి. ఒంట్లో బి వైరస్ అణిగి ఉంటే, సి వైరస్ పోయాక అది ఒక్కసారిగా విజృంభించవచ్చు. దీనిపై 2016లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్ర హెచ్చరిక చేర్చింది.

డయాలసిస్ రోజున మాత్ర ఏ వేళకు వేసుకోవాలో అడిగి చీటీ మీద రాయించుకోండి. మాత్రకు నాలుగు గుక్కల నీళ్ళు చాలు. వైరస్ మందు పేరు చెప్పి రోజు నీళ్ళ లెక్క దాటవద్దు.

కాలేయం ఎంత దెబ్బతిందో ఎలా తెలుస్తుంది?

రక్తపరీక్షలు, స్కానింగ్, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్. కాలేయం ముక్క తీసే బయాప్సీ అవసరం ఇప్పుడు అరుదు. ఫైబ్రోస్కాన్‌ను డయాలసిస్ అయ్యాక చేయించుకుంటే మంచిది. ఒంట్లో నీరు ఎక్కువగా ఉన్నప్పుడు చేస్తే కాలేయం ఉన్నదానికన్నా గట్టిగా ఉన్నట్టు కొలత రావచ్చు. సిర్రోసిస్ ఉందని తేలితే, వైరస్ పోయినా ఆరు నెలలకోసారి కడుపు స్కానింగ్ మానకూడదు.

పసరు మందు తీసుకోవచ్చా? పథ్యం చేయాలా?

వద్దు. ఇక్కడ మెతకగా చెప్పడం నాకు ఇష్టం లేదు. కామెర్లకు పసరు పోయించుకోవడం, నేల ఉసిరి నూరి తాగడం మన ఊళ్ళలో తరతరాల అలవాటు. కొన్ని రకాల కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి ఆ పేరు పసరుకు వచ్చింది. తిష్ఠ వేసిన హెపటైటిస్ సి అలా తగ్గే రకం కాదు. పైగా కిడ్నీలు పనిచేయని ఒంట్లోకి ఏ ఆకురసం వెళ్ళినా అందులోని పొటాషియం బయటికి పోయే దారి లేదు.

పథ్యం పేరుతో జరిగేది ఇంకా ప్రమాదం. కాలేయం చల్లబడాలని చుట్టాలు కొబ్బరిబోండాలు, చెరకురసం తెస్తారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం చాలా ఎక్కువ. డయాలసిస్ రోగికి అది గుండె ఆగేదాకా తీసుకెళ్ళవచ్చు. నూనె, పప్పు మాన్పించి వట్టి మజ్జిగన్నం పెట్టడమూ తప్పే. డయాలసిస్‌లో ప్రొటీన్ పోతూ ఉంటుంది, దాన్ని తిండితోనే పూడ్చాలి. మీ డైటీషియన్ డయాలసిస్ కోసం చెప్పిన ఆహారమే ఇప్పుడూ. సారా, బీరు, కల్లు మాత్రం పూర్తిగా మానాలి.

ఇంట్లో వాళ్ళకు అంటుకుంటుందా? కంచం, గ్లాసు వేరు పెట్టాలా?

అక్కర్లేదు. ఒకే కంచంలో తిన్నా, కలిసి పడుకున్నా, మనవడిని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నా అంటుకోదు. దోమ కుడితే రాదు. దగ్గితే రాదు. వేరు పెట్టవలసినవి రేజరు, టూత్‌బ్రష్, గోళ్ళు కత్తిరించే కట్టర్, షుగరు చూసుకునే సూది. షుగరు ఉన్నవాళ్ళు ఇంట్లో ఇద్దరుంటే సూది గుచ్చే పెన్నును పంచుకోవడం మామూలైపోయింది, అది వెంటనే ఆపాలి.

భార్యాభర్తల మధ్య సోకే అవకాశం చాలా తక్కువ. అయినా ఒకసారి పరీక్ష చేయించుకుంటే మనసు కుదుటపడుతుంది. ఇంటికొచ్చాక ఫిస్టులా నుంచి రక్తం కారితే ఒత్తిపట్టే మనిషి గ్లవ్స్ వేసుకోవాలి, అవి లేకపోతే కనీసం శుభ్రమైన ప్లాస్టిక్ కవరు. కిందపడ్డ రక్తాన్ని కాగితంతో తీసేసి, బ్లీచింగ్ ద్రవం ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి తుడవాలి.

దీనికి టీకా లేదా?

హెపటైటిస్ సికి లేదు. బికి ఉంది, అది మీరు వేయించుకోవాలి. డయాలసిస్ రోగులకు మామూలుకన్నా రెట్టింపు మోతాదు, 0, 1, 2, 6 నెలల్లో నాలుగుసార్లు వేస్తారు. వేసి వదిలేయకుండా, టీకా వల్ల యాంటీబాడీలు ఎంత వచ్చాయో చూసే టైటర్ పరీక్ష చేయించి, అది 10 దాటిందో లేదో చూసుకోవాలి.

మందు అయిపోయింది. నయమైందని ఎప్పుడు తెలుస్తుంది? ఆ తర్వాత?

చివరి మాత్ర వేసుకున్న 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేస్తారు. అందులో వైరస్ కనిపించకపోతే నయమైనట్టు. కోర్సు పూర్తైన మర్నాడే "నెగటివ్" వచ్చిందని సంబరపడి, ఈ పరీక్ష ఎగ్గొట్టవద్దు.

నయమయ్యాక కూడా యాంటీబాడీ పరీక్ష ఏళ్ళ తరబడి రియాక్టివ్‌గానే వస్తుంది. కొత్త కేంద్రంలో ఆ కాగితం చూసి మళ్ళీ "పాజిటివ్" అని ముద్ర వేయడం తరచుగా జరుగుతుంది. అందువల్ల నయమైన ఆర్‌ఎన్‌ఏ రిపోర్టును ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. ఇక మీదట మీకు యాంటీబాడీ పరీక్షతో పని లేదు. ఆరు నెలలకోసారి ఆర్‌ఎన్‌ఏనే చేయాలి, ఎందుకంటే ఈ వైరస్ మళ్ళీ సోకవచ్చు. ఒకసారి వచ్చి పోయినంత మాత్రాన రక్షణ ఏర్పడదు.

పాజిటివ్ ఉంటే కిడ్నీ మార్పిడి కుదరదా?

కుదురుతుంది. పాత రోజుల్లో ఇంటర్‌ఫెరాన్ ఇస్తే పెట్టిన కిడ్నీని ఒళ్ళు తిరస్కరించే భయం ఉండేది, కాబట్టి ముందే తేల్చుకోవలసి వచ్చేది. ఇప్పటి మాత్రలను మార్పిడికి ముందూ ఇవ్వవచ్చు, తర్వాతా ఇవ్వవచ్చు. ఇంట్లో దాత సిద్ధంగా ఉంటే ఏది ముందు అన్నది కాలేయం స్థితిని బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు. సిర్రోసిస్ ముదిరినవారికి కాలేయం, కిడ్నీ రెండూ కలిపి మార్చవలసి రావచ్చు. అమెరికాలో హెపటైటిస్ సి ఉన్న దాతల కిడ్నీలను ఆ వైరస్ లేనివారికే పెట్టి, వెంటనే మందులిచ్చి నయం చేస్తున్నారు. పదేళ్ళ కింద అవి పారేసే కిడ్నీలు.

ఇంటి దగ్గర పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్‌కు మారితే?

దానిలో రక్తం బయటికి రాదు, పక్క రోగులుండరు కాబట్టి ఈ వైరస్ సోకే ముప్పు చాలా తక్కువ. కానీ దానికి వేరే షరతులున్నాయి: శుభ్రమైన గది, ఓపిగ్గా చేసే మనిషి, సంచుల ఖర్చు. కేవలం హెపటైటిస్ భయంతో మారడం సరికాదు.

కేంద్రంలో మేం దేన్ని గమనించాలి? అడిగితే వాళ్ళకు కోపం రాదా?

కొందరికి వస్తుంది. వారానికి మూడుసార్లు వాళ్ళ చేతుల్లోనే ప్రాణం పెట్టేవాళ్ళకు మొహమాటం ఉండడమూ సహజమే. అందుకని నిలదీసినట్టు కాకుండా, సూది పెట్టేముందు "అన్నా, గ్లవ్స్ మార్చారా?" అని మామూలుగా అడగండి. మంచి టెక్నీషియన్ దాన్ని తప్పుపట్టడు. మీ దగ్గర నుంచి వెళ్ళి ఇంకొకరిని ముట్టుకునేముందు గ్లవ్స్ తీసి, చేతులు కడుగుతున్నారా అన్నది మొదట చూడవలసింది. మందు సిరంజీలను మంచాలకు దూరంగా, వేరే శుభ్రమైన చోట నింపుకుని తెస్తున్నారా అన్నది తర్వాతిది. ముందు రోగి పూర్తిగా లేచి వెళ్ళాకే కుర్చీని, మిషను బటన్లను, బీపీ పట్టీని తుడుస్తున్నారా చూడండి. బీపీ పట్టీని చాలాచోట్ల మరిచిపోతారు.

మీ షిఫ్టులో ఎవరికైనా కొత్తగా పాజిటివ్ వస్తే, అది అందరికీ మళ్ళీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయవలసిన సందర్భం. పేరు చెప్పమని అడగకండి, అది ఆ మనిషి సొంత విషయం. మా అందరికీ పరీక్ష ఎప్పుడు చేస్తారని అడగండి. నలుగురు రోగులు కలిసి అడిగితే జవాబు త్వరగా వస్తుంది.

పెళ్ళికి వేరే ఊరు వెళ్తున్నాం, అక్కడ రెండుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి. ఏం తీసుకెళ్ళాలి?

నెలలోపు చేసిన హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ రిపోర్టులు. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), హెపారిన్ మోతాదు, ఫిల్టర్ రకం రాసిన మీ కేంద్రం చీటీ. అక్కడ కొత్త ఫిల్టర్, కొత్త ట్యూబులే వాడమని ముందే ఫోనులో మాట్లాడుకోండి. తిరిగొచ్చాక మీ కేంద్రంలో ఆ సంగతి చెప్పి, ఆర్‌ఎన్‌ఏ పరీక్ష తేదీ రాయించుకోండి. అది నెగటివ్ వచ్చేదాకా మిమ్మల్ని వేరే మిషను మీద పెడతామంటే మాత్రం పైన రాసింది వాళ్ళకు చూపించండి.